నూరినప్పుడే పుట్టు ఘాటు

హౌరా నుండి చెన్నపట్టణమునకు పోవు రైలుమార్గమున పలాస దాటి దక్షిణముగా ప్రయాణము చేయువారికి, టెక్కలి సీమ సమీపించుచుండగా, సముద్రపు దిక్కున గట్లు కట్టి చదును చేసిన ఉప్పుమడులును, గట్లపై కుప్పలుగా పోసియుంచిన తెల్లని ఉప్పురాసులును గల యొక ప్రదేశము తగులును. అదియే నౌపడ. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలమునకు చెందిన యీ గ్రామము, తన ఉప్పువలనను, 1900 సంవత్సరమున పర్లాకిమిడి రాజావారి పూనికతో ఇచ్చటి నుండి పర్లాకిమిడికి వేయబడి తరువాత గుణుపురము వరకు పొడిగింపబడిన చిన్నరైలువలనను, ఉత్తరాంధ్రమున అందరెరిగిన పేరు సంపాదించుకొన్నది. ఆ చిన్నరైలు నేడు లేదు. 2011 నుండి ఆ దారిని పెద్దరైళ్లే నడచుచున్నవి. ఉప్పు మాత్రము నాటివలెనే సముద్రజలము నుండియు, వేసవి యెండ నుండియు పుట్టుచున్నది.

ఉప్పు పండు సీమలో ఊరగాయను గూర్చియు, ఊరగాయను తలచినచోట ఆవను గూర్చియు మాటాడుకొనుట సహజము. అందును ఇటీవల విదేశములలో స్థిరపడిన మన బంధువులు సెలవులకు వచ్చినప్పుడును, వంటల పుస్తకములు తిరుగవేసినప్పుడును, హార్స్‌రాడిష్ అను నొక ఘాటైన వేరు ప్రస్తావన తరచుగా వినవచ్చుచున్నది. అది యెట్టి వస్తువు, నిత్యము వండుకొను వంటలలో దానిని ఎట్లు వాడవలెను, మన ఊరి అంగడిలో దొరకనప్పుడు దానికి బదులేమి అను ప్రశ్నలు వంట యందు ఆసక్తి గల గృహిణులు అడుగుచున్నారు. ఆ వేరులోని గుణము మనకు క్రొత్తది కాదనియు, పోపులపెట్టెలోని ఆవగింజలో అదియే నిద్రించుచున్నదనియు, దానిని మేల్కొల్పు విద్య మన యిండ్లలో తరతరములుగా ఉన్నదనియు, ఆ విద్యను పండుగదినములకే పరిమితము చేయక నిత్యవంటలోనికి తిరిగి తెచ్చుకొనవలెననియు చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

హార్స్‌రాడిష్ ఆవ, ముల్లంగి, కాబేజీల కుటుంబమునకు చెందిన మొక్క. ఒకసారి నాటినచో ఏండ్ల తరబడి నేలలో నిలిచియుండును. ఆగ్నేయ ఐరోపా, పశ్చిమాసియాలు దీనికి జన్మభూములని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయము. పైన మట్టిరంగు తొక్కయు, లోపల తెల్లని కండయు గల దాని వేరును త్రవ్వి తీసి చేతిలో పట్టుకొన్నంతసేపు చెప్పుకొనదగిన వాసన యేదియు రాదు. తురుముట మొదలుపెట్టినంతనే ముక్కు మండి కన్నుల నీరు తిరుగును. ఇంగ్లండులో దానిని మీగడలో కలిపి కాల్చిన మాంసముతో తినెదరు. పోలండులో బీట్‌రూటుతో నూరి ఈస్టరు పండుగనాటి భోజనమున వడ్డించెదరు. తూర్పు ఐరోపాకు చెందిన యూదుల యిండ్లలో పస్కా విందునాడు దాస్యకాలపు కష్టములకు గుర్తుగా తినవలసిన కటువైన పదార్థముగా దానినే పళ్లెరమున ఉంచెదరు. జపానువారి వసాబి పేర నేడు లోకమంతట చిన్న గొట్టములలో అమ్ముడుపోవు ఆకుపచ్చని ముద్దలో చాలవరకు ఉండునది రంగు వేసిన హార్స్‌రాడిష్ తురుమే. శీతకాలపు చలిని కోరు మొక్క యగుటచే మన సముద్రతీర మైదానములకు అది యొదుగలేదు.

వేరు మనకు రాకపోయినను, దాని ఘాటు మాత్రము మనకు చిరపరిచితము. ఏలయన, హార్స్‌రాడిష్‌ను తురిమినప్పుడు పుట్టునదియు, ఆవను నూరినప్పుడు పుట్టునదియు ఒక్కటే పదార్థము. దానిని రసాయనశాస్త్రమున ఆలైల్ ఐసోథయోసయనేట్ అందురు. ఆవగింజలో అది ముందుగా సిద్ధమై యుండదు. సినిగ్రిన్ అను గంధకముతో కూడిన పదార్థ మొకటి గింజలో ఒకచోటను, మైరోసినేజ్ అను ఎంజైము మరియొకచోటను, రెండును కలియకుండ వేర్వేరు అరలలో దాగియుండును. గింజ నలిగి, నీరు తగిలి, అరలు పగిలినప్పుడు ఎంజైము సినిగ్రిన్‌ను విడగొట్టును; అప్పుడు మాత్రమే ఘాటు జనించును. 1840 ప్రాంతమున బ్యుస్సీ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నల్లఆవాలను పరీక్షించి యీ రెండింటి సంగతి లోకమునకు తెలిపెను. మొక్క దీనిని సమకూర్చుకొన్నది తనను కొరుకవచ్చు పురుగులను తరుముటకు. మనుష్యుడు దానినే రుచిగా మార్చుకొనెను.

మిరపకారమునకును ఆవఘాటునకును గల భేదము కూడ ఇచ్చటనే తెలియవలెను. మిరపకాయలోని క్యాప్సైసిన్ గాలిలోనికి సులభముగా ఎగయదు. నాలుకను, గొంతును పట్టుకొని చాలసేపు మండించును. ఆవఘాటు ఎగిరిపోవు స్వభావము కలది. నోటిలో పెట్టుకొన్నంతనే ముక్కుపుటముల వెనుకకు ఎక్కి, క్షణకాలము శిరస్సును కదిలించి, అంతలోనే చల్లారిపోవును. మన నరములలో మిరపకారమును గుర్తించు గ్రాహకమొకటి, ఆవఘాటును గుర్తించునది వేరొకటి కలదు. మొదటిదానిని 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. ఈ శాస్త్రమేదియు తెలియని మన పూర్వులు, ఒకే ఆవకాయలో కారమును ఆవపిండిని ఇంచుమించు సమపాళ్లలో కలిపి, రెండు మంటలును ఒకదాని కొకటి అడ్డురాక తమ తమ స్థానములలో వినిపించునట్లు చేసిరన్నచో, వారి రసనాజ్ఞానము ఎంత సూక్ష్మమో ఊహింపవచ్చును.

హార్స్‌రాడిష్‌తో మన దేశమునకు గల సంబంధము మునగచెట్టు వలన మరియొక విధముగ ఏర్పడినది. ఆంగ్లేయులు మన దేశమున కాపురములు పెట్టినకాలమున, స్వదేశపు వేరు దొరకక, ఘాటైన మునగవేరును తురిమి, పుల్లనినీటిలో ఊరవేసి, దానికి మారుగా వాడుకొనిరి. ఆ కారణముననే మునగకు వారి భాషలో హార్స్‌రాడిష్ చెట్టను పేరు స్థిరపడినది. ఆవ కుటుంబమునకు మునగ దూరపు చుట్టము. దాని యాకులలోను వేరులోను అదే జాతికి చెందిన గంధకపదార్థము లుండుటచేతనే ఆ ఘాటు. కాని పాఠకులు ఒక్క విషయము గట్టిగా గుర్తుంచుకొనవలెను. మునగవేరులోను, విశేషించి వేరుబెరడులోను, శరీరమునకు హానిచేయు పదార్థములు కూడ కలవు. గర్భిణులకు అది మరింత ప్రమాదకరము. కాబట్టి మునగను కాయగాను, ఆషాఢమాసమున ఆకుగాను మన యలవాటు ప్రకారము వండుకొనుటయే క్షేమము. వేరు జోలికి పోవలదు. ఘాటు కావలసినవారికి ఆవ ఉండనే యున్నది.

ఆవను పోపునకు వాడని ప్రాంతము తెలుగునేలలో లేదు. ఆవను నూరి కూరకు పెట్టుట మాత్రము కోస్తా సీమల ప్రత్యేకత, అందును ఉత్తరాంధ్రమున అది మిక్కిలి మక్కువతో పాటింపబడు ఆచారము. సముద్రతీరము వెంబడి ఉత్తరముగా పోయినకొలది ఈ మక్కువకు తోడు దొరకును. ఇచ్ఛాపురము దాటి ఓఢ్రదేశమున అడుగుపెట్టినచో, నూరిన ఆవతో వండు బెసర అను వంటకము ఇంటింటను కనబడును. ఇంకను ముందునకు పోయి వంగదేశము చేరినచో, ఆవముద్దలో ఉడికిన ఇలిస చేపయు, పులియబెట్టిన ఆవతో చేయు కాసుందియు ఆ ప్రజల ప్రాణపదములు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటును, టెక్కలి నౌపడలు ఇటును చేరినవి గాని, రుచులు ఆ సరిహద్దును లెక్కచేయలేదు. వంగము నుండి కళింగము వరకు వ్యాపించిన ఈ ఆవసీమకు దక్షిణద్వారమున నిలిచినది మన శ్రీకాకుళము, విజయనగరముల వంటిల్లు.

ఇక విధానము. ఆవ నూరుట చూచుటకు చిన్నపనియే. దానిలోని మెలకువలు మాత్రము చిన్నవి కావు. అరకిలో కూరకు రెండు చెంచాల ఆవాలు చాలును. వానిని చన్నీటిలో కొంచెముసేపు నానవేసి, నీరు వంచి, సన్నెకల్లుపై పోసి, రెండు ఎండుమిరపకాయలు, నాలుగు గళ్ళ ఉప్పు పలుకులు చేర్చి పొత్రముతో ముందునకు వెనుకకు నూరవలెను. మొదట గింజలు జారిపోవుచుండును. ఉప్పుపలుకుల గరుకునకు తగిలి పొట్టు విడివడిన తరువాత లోపలి పసుపుపచ్చని పప్పు బయటపడి, నల్లని పొట్టుతో కలిసి, ముద్ద బూడిదపసుపు వన్నెకు తిరుగును. అప్పుడు చేతితో కొలదికొలదిగా నీళ్లు చిలుకరించుచు నూరినచో, అంతవరకు ఏ వాసనయు లేని రాతిమీద నుండి ఒక్కసారిగా ఘాటు లేచి ముక్కునకు తగులును. అది తగిలినపిదప మరి నూరవలదు. పొట్టు అతిగా మెదిగి, వేడెక్కినకొలది ముద్ద చేదెక్కును. కొందరు నానిన బియ్యము అరచెంచా, కొందరు పచ్చికొబ్బరి ముక్క చేర్చి నూరి ఆ కటుత్వమును మెత్తపరతురు. ఉత్తరాంధ్రమువారికి ఇష్టమగు బెల్లపుముక్క కూడ ఆ పనియే చేయును.

నూరిన ముద్దను గిన్నెలోనికి తీసి, ఏడెనిమిది నిమిషములు మూతపెట్టి కదపక ఉంచవలెను. ఎంజైము తన పని పూర్తిచేయుటకు ఆ మాత్రము కాలము అవసరము. చింతపండు రసమో నిమ్మరసమో చేర్చదలచినవారు ఆ వ్యవధి గడచిన తరువాతనే చేర్చవలెను. పులుపు ఎంజైమును మందగింపజేయును గాని, అప్పటికే పుట్టిన ఘాటును పోకుండ నిలుపును. హార్స్‌రాడిష్ నిలవచేయువారు కూడ ఈ సూత్రమునే పాటింతురు: తురిమిన వెంటనే వినెగరు పోసినచో రుచి మెత్తగాను, మూడు నిమిషములు ఆగి పోసినచో తీక్ష్ణముగాను ఉండును.

అన్నిటికంటె ముఖ్యమైన నియమము వేడిని గూర్చినది. మైరోసినేజ్ సుమారు 60, 70 డిగ్రీల వేడిమిని దాటినకొలది నశించును. అప్పటికే పుట్టిన ఘాటో, ఆవిరితో కలిసి ఎగిరిపోవును. మరుగునీళ్లతో తడిపిన ఆవపిండి, ఉడుకుచున్న కూరలో వేసిన ఆవముద్ద కేవలము చేదును మిగుల్చుటకు కారణమిదియే. అందుచేతనే మన పెద్దలు కూర దించి, మూత తీసి, వేడి తగ్గిన తరువాతనే ఆవ పెట్టవలెనని పట్టుపట్టిరి. పోపున వేసిన ఆవాల సంగతియు దీనివలన తెలియుచున్నది. కాగిన నూనెలో చిటపటలాడిన ఆవ ఘాటును పూర్తిగా కోల్పోయి, వేగిన పప్పువంటి కమ్మదనమును సంతరించుకొనును. ఆవపెట్టిన కూరలో ఈ రెండును కలవు: పోపులో నిప్పువలన మారిన ఆవ ఒకటి, చివర రాతిమీద నలిగిన ఆవ ఒకటి, ఒకే గింజ ఒకే గిన్నెలో రెండు వేర్వేరు రుచులుగా నిలుచుట మన వంటలో మెచ్చుకొనదగిన నేర్పు.

ఆవపెట్టిన కూరలలో అగ్రస్థానము పనసపొట్టు కూరది. నౌపడకు ఉత్తరమున పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలములలో విస్తరించిన ఉద్దానము కొబ్బరికి, జీడిమామిడికి, పనసకు పెట్టినది పేరు. గింజ ముదరని లేత పనసకాయను తెచ్చి, చేతులకును కత్తికిని నూనె రాచుకొని, పైముండ్లచెక్కును తీసివేసి, బరువైన కత్తితో అడ్డముగా నిలువుగా పొడుచుచు సన్నని పొట్టు కొట్టుట ఓర్పుతో కూడిన పని. నూనె రాచుకొనుట మరచినచో పాలజిగురు చేతులను పట్టి ఒక పట్టాన వదలదు. పొట్టును పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీరు పిండివేయవలెను. మూకుడులో నువ్వులనూనె కాచి, శనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకులతో పోపు పెట్టి, పలాస జీడిపప్పు గుప్పెడు వేయించి, నిమ్మకాయంత చింతపండు తీసిన చిక్కని రసము పోసి ఉడికించి, అందులో పొట్టు కలిపి దించవలెను. గిన్నె చేయిపట్టునంతగా చల్లారిన తరువాత ఆవముద్దను చెంచాడు పచ్చినూనెతో కలిపి కూరయంతటికి పట్టించవలెను. వడ్డించుటకు ముందు అరగంట ఊరనిచ్చినచో ఆ కూర పెండ్లిపందిట దొరకు గౌరవమునకు తగియుండును.

కంద బచ్చలి కూర కార్తికమాసపు వనభోజనములకు అలంకారము. కందముక్కలను, బచ్చలాకును, పచ్చిమిరపకాయలను, పసుపును కలిపి ఉడికించి, చింతపండు రసము పోసి, గరిటెతో కొంచెము మెదిపి, పోపు పెట్టి, చల్లారిన తరువాత ఆవ కలుపుదురు. కందలోని దురదను చింతపండు పులుపు అణచును. బచ్చలిజిగురు ఆవఘాటును ముద్దయంతటికి సమముగా పట్టించును. అరటికాయను ఉడికించి, తొక్క తీసి, చిదిపి ఇదే రీతిగా వండినచో పావుగంటలో కూర సిద్ధమగును. అరటిదూటను సన్నగా తరిగి, మజ్జిగలో వేసి, పీచు తీసి వండుకొన్నను ఆవ దానికి మిక్కిలి పొందికగా కుదురును. ఈ కూరలన్నిటిలో ఒక సామాన్యధర్మ మున్నది: పనసపొట్టు, కంద, అరటి, దూట స్వతహాగా చప్పనివి, పిండితో కూడినవి లేక పీచుతో కూడినవి. చప్పదనముపై ఆవ ప్రకాశించినట్లు మరెక్కడను ప్రకాశింపదు. ఈ ధర్మము తెలిసినవారు బంగాళాదుంపకును, చేమదుంపకును, కాబేజీకిని అదే నియమమును నిర్భయముగా వర్తింపజేయవచ్చును.

కూరలకే ఆవ పరిమితము కాదు. పెరుగుపచ్చళ్లు నిత్యభోజనమున ఆవకు అత్యంత సులభమగు ప్రవేశమార్గము. దోసకాయ తురుమునో, ఉడికించిన బూడిదగుమ్మడి ముక్కలనో, పచ్చి ముల్లంగి తురుమునో గట్టిపెరుగులో కలిపి, ఒక్క చెంచా ఆవముద్ద చేర్చి, చిన్నపోపు పెట్టినచో అన్నములోనికి, రొట్టెలలోనికి కూడ పనికివచ్చును. వేడి లేని వంటకమగుటచే ఇందు ఆవ తన సంపూర్ణస్వరూపమున ఉండును. పెరుగు దాని పదునును తగ్గించి సుఖముగా తినునట్లు చేయును. ఆవడల రుచికి మూలము కూడ పెరుగులో కలిపిన ఈ ఆవయే. పులిహోర చేయువారు, పసుపును నూనెయు కలిపి ఆరబెట్టిన అన్నములో చింతపండు గుజ్జును పోపును కలిపి, చిట్టచివర ఆవముద్దను చేర్చినచో, అది మరునాటికి మరింత రుచి గలదగును. చోడి అంబలి త్రాగువారు నంజుకొనుటకు దోసావకాయ ముక్క ఒక్కటి చాలును.

ఆ దోసావకాయను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. ఏలయన పచ్చడి పెట్టుటకు వేసవి వరకు వేచియుండలేనివారికి సంవత్సరము పొడవున ఆవరుచి నందించునది ఇదియే. గట్టి పచ్చదోసకాయను కడిగి, తడి లేకుండ తుడిచి, ప్రతికాయను రుచిచూచి చేదులేదని నిశ్చయించుకొని, తొక్కతోనే ముక్కలు తరుగవలెను. నాలుగు గిన్నెల ముక్కలకు అరగిన్నె ఆవపిండి, అరగిన్నె కారము, అంతకు కొంచెము తక్కువగా ఉప్పు, అరగిన్నెకు పైగా నూనె చాలును. ఆవాలను కొంచెము యెండలో పెట్టి పొడిగొట్టుకొన్నచో మంచిది, మూకుడులో వేయించరాదు. కలిపిననాడు ముక్క ఆవతో కలియక విడిగా ఉండును. మరునాడు దోసకాయలోని నీరు ఊరి, ఆ నీటితో పిండి తడిసి, ఘాటు అప్పుడు జనించి ముక్కలోనికి ప్రవేశించును. మామిడి ఆవకాయలోను జరుగునది ఇదియే. కాయలోని నీరే అచ్చట నూరినవారి చేతితడి వలె పనిచేయును. మూడవనాటికి ఘాటు శిఖరమున నుండి, నెలలు గడచినకొలది మెత్తబడును. ఆ ఘాటుకు సూక్ష్మజీవులను అణచు శక్తి కూడ కలదు. ఉప్పు, పులుపు, నూనెలతో కలిసి అది ఊరగాయను ఏడాది నిలుపును.

మాంసాహారులకు నౌపడ దాపునగల భావనపాడు తీరపు చేపలున్నవి. పులుసులో చేప ఉడికి దించిన తరువాత రెండు చెంచాల ఆవముద్దను కొంచెము కొబ్బరిపాలలో కలిపి పోసినచో, నీచువాసన వెనుకబడి చేపరుచి ముందునకు వచ్చును. చేపకును ఈ ఘాటునకును గల మైత్రి లోకప్రసిద్ధము: వంగీయులు ఇలిసకు ఆవను, జపానీయులు పచ్చిచేపకు వసాబిని, జర్మనులు మంచినీటి చేపకు హార్స్‌రాడిష్‌ను జోడించిరి. వేర్వేరు దేశములవారు, ఒకరినొకరు అడుగకయే, ఒకే నిర్ణయమునకు వచ్చిరి.

అమెరికాలోను, ఐరోపాలోను నివసించు మనవారికి హార్స్‌రాడిష్ వేరే చేతికందుచున్నది గనుక వారు దానిని ఆవ స్థానమున నిశ్చింతగా వాడవచ్చును. వేరును కడిగి, తొక్క చెక్కి, కావలసినంత మాత్రమే తురిమి, మిగిలినదానిని తడిగుడ్డలో చుట్టి చల్లని పెట్టెలో ఉంచుకొనవలెను. పెరుగుపచ్చడిలో ఆవముద్దకు మారుగా దాని తురుము వేయవచ్చును. ఉడికించిన బీట్‌రూటును తురిమి, నిమ్మరసము, ఉప్పు, హార్స్‌రాడిష్ కలిపి పోపు పెట్టినచో, పోలండువారి పండుగవంటకము మన పచ్చడిగా మారును. మెదిపిన బంగాళాదుంపలో నెయ్యితో కలిపినను, నువ్వులపొడితో చేసిన పచ్చడిలో చేర్చినను బాగుండును. నియమ మొక్కటే: పొయ్యి మీద నున్నదానిలో వేయరాదు. సీసాలలో దొరకు నిలవ తురుములో పులుపును ఉప్పును ముందే ఉండును గనుక వంటకమున ఆ రెండింటిని తగ్గించుకొనవలెను. ఆవలోని కమ్మదనము, నూనెతనము వేరునకు లేదు. పోపులో ఆవాలు వేయుటవలన ఆ లోటు తీరును.

ఇన్ని వంటకములలోను ఆవకు విడువరాని చెలిమి ఉప్పుతో. ఆవపంట ప్రధానముగా రాజస్థానము మొదలగు ఉత్తరదేశపు పొలములలో చలికాలమున పండి మనకు వచ్చుచున్నది. ఉప్పు మన తీరముననే పుట్టుచున్నది. సముద్రజలమున నూటికి సుమారు మూడున్నర పాళ్లు లవణముండును. ఆ నీటిని ఒక మడి నుండి మరియొక మడికి పారించుచు, ఎండకు గాలికి ఇగురబెట్టి, చిక్కబడినపిదప చివరిమడిలో నిలిపినచో స్ఫటికములు ఏర్పడి అడుగునకు దిగును. ఉప్పురైతులు ఉదయముననే దిగి, కాళ్లను కోయు ఆ నీటిలో నిలిచి, గోరుకొయ్యలతో వానిని గట్టునకు లాగి రాసులు పోయుదురు. ఒక్క అకాలవర్షము పడినచో వారాల శ్రమ కరిగిపోవును. నౌపడ మడులలో ఎండిన గళ్ళ ఉప్పు ఊరగాయకు కుదిరినట్లు మెత్తని పొడి ఉప్పు కుదరదని మన గృహిణులు నమ్ముదురు. సన్నెకల్లుపై ఆవాలను నలుగగొట్టుటకు ఆ పలుకుల గరుకుదనము తోడ్పడునన్నది కంటితో చూడదగిన సత్యము. ఆ తెల్లదనము వెనుక ఎండలో నిలిచిన మనుష్యులున్నారని వంట చేయువారు మరువరాదు.

నేటి గృహములలో సన్నెకల్లు మూలబడినది. మిక్సీ దాని స్థానమును ఆక్రమించినది. అందువలన ఆవ మానుకొనవలసిన పనిలేదు. చిన్నగిన్నెలో చన్నీటితో, ఆగి ఆగి, రెండుమూడు సార్లు త్రిప్పినచో చాలును. ఎడతెగక త్రిప్పినచో పిండి వేడెక్కి చేదు పుట్టును. ఆవపిండిని నెలలకు సరిపడ కొట్టి ఉంచుకొనుట కంటె గింజలను ఉంచుకొని ఏనాటికానాడు చెంచాడు నూరుకొనుట మేలు. గింజ మూతబిగించిన సీసాలో చాలకాలము చెడకుండ నిలుచును, పొడి మాత్రము తేమ తగిలి నిస్తేజమగును. ఆయుర్వేదము ఆవను కటురసము కలదనియు, ఉష్ణవీర్యమనియు చెప్పినది గనుక, కడుపులో పుండ్లు, మంట గలవారును, ఆవ పడనివారును వైద్యుని సలహా పాటించుట యుక్తము. తక్కినవారు పూటకు అరచెంచా ముద్దతో మొదలుపెట్టి, నాలుకకు అలవాటు చేసికొనవచ్చును.

మన పిల్లలకు సీసాలలోని విదేశపు ముద్దలు పరిచితములగుచున్నవి. అది తప్పు కాదు. ఒక రుచిని లోకము నలుమూలల ఎట్లు అనుభవించుచున్నారో తెలిసికొనుట విద్యయే. కాని అదే రుచిని తమ యింట, తమ యెదుట, ఏ వాసనయు లేని చెంచాడు గింజల నుండి అమ్మ పుట్టించుచుండగా చూచిన బిడ్డకు, వంట యనగా కేవలము వేడిచేయుట కాదనియు, పదార్థముల స్వభావమెరిగి వానిని తగిన సమయమున కలుపుట యనియు తెలియును. పనసపొట్టు దొరకనినాడు కాబేజీయే చాలును. కార్తికము రానక్కరలేదు, పెండ్లి కుదరనక్కరలేదు. వారమున ఒక్కనాడైనను కూర దించి, చల్లార్చి, నూరిన ఆవ కలుపు అలవాటు నిలుపుకొన్నచో, ఉత్తరాంధ్రపు వంటకు పేరు తెచ్చిన ఈ నేర్పు మరియొక తరమునకు అందును.